మూరెడు కడ్డీ

"ఇంగ రెండు వాయిలే ఉండేది. అవి గూడా రుబ్బేసి లేచినావంటే నీ పనైపోతాది," అంది వసారాలో వక్కలు కత్తిరిస్తూ అత్తగారు చెంగమ్మ. "ఈ పొద్దు ఒక్క పొద్దే గదా. ఆ పెద్ద ఫిడేలు ఆడ నాలుగు మాట్లు గీకేసి, శాలువ కప్పించుకోని వచ్చినావంటే ఈ ఇంటికి పట్టిన పీడ వదిలిపోతాది."

ఆనందమ్మ ఇంకో గుప్పెడు మినప్పప్పు రోట్లో వేసింది. అత్తగారు పీడ అన్నది ఆమె వాయించే సెల్లో అనే వాద్యాన్ని. లండన్‌లో, పారిస్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఇటు కొలంబోలో, సింగపూర్‌లో జనం టిక్కెట్లు కొనుక్కుని వెళ్ళి, ఊపిరి బిగబట్టి విన్న సెల్లో అది. 1949 ఫిబ్రవరిలో ఆ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు చిత్తూరు పురప్రజలు ఆమెకు సన్మానం చేయబోతున్నారు. సన్మాన సంఘం వాళ్ళూ వాళ్ళ బంధువులూ కలిసి అరవై మందికి వడలూ కాఫీ ఈ ఇంటినుంచే వెళ్ళాలి. ఆ వడలకు పిండి ఎవరు రుబ్బాలి? సన్మానం చేయించుకునే మనిషే రుబ్బాలి. ఎందుకంటే ఆమె ఈ ఇంటి కోడలు. తెల్లవారుజామున లేచి, రుబ్బురోలుకు అటొక కాలూ ఇటొక కాలూ చాపి కూర్చున్నది, పొద్దు బారెడెక్కినా ఇంకా లేవలేదు.

రుబ్బడం తెలిసినవాళ్ళకు తెలుసు, కుడిచెయ్యి పొత్రాన్ని తిప్పుతుంది, ఎడమచెయ్యి పిండిని గుంటలోకి తోస్తూ ఉంటుంది. ఆ ఎడమచేతి వేళ్ళే తంత్రుల మీద పరిగెత్తాల్సినవి. ఇరవై ఏడేళ్ళుగా తంత్రులు నొక్కి నొక్కి ఆ నాలుగు వేళ్ళ కొసలూ కాయలు కాసి ఉన్నాయి. ఆ కాయలే ఆమె ఆస్తి. అవి గట్టిగా ఉన్నంతకాలం తంత్రి కోసుకోదు, స్వరం జారదు. కచేరీ రోజున పరదేశాల్లో ఆమె గ్లాసు కూడా కుడిచేత్తోనే కడుక్కునేది. ఇప్పుడు నాలుగు గంటలుగా ఆ వేళ్ళు పచ్చిమిరపకాయలూ ఉప్పూ కలిసిన పిండిలో నాని, తెల్లగా ఉబ్బి, చిటికెనవేలి కొసన చర్మం పొరలా లేస్తోంది. ఆ సంగతి అత్తగారికి చెబితే ఏమంటుందో కూడా తెలుసు. "వేళ్ళుండేది పని చేసేదానికే గదమ్మా!"

చెప్పాలంటే ఆమెను కాల్చేస్తున్నది వేళ్ళు కాదు. రాత్రి అన్నం తింటూ భర్త జయరావు అన్న మాట. లండన్ నుంచి ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జూన్ నుంచి డిసెంబరు దాకా పద్నాలుగు కచేరీలు, అందులో నాలుగు పెద్ద వాద్యబృందంతో కలిసి ఒంటిగా ముందు కూర్చుని వాయించేవి. ఈ నెల పదిహేనులోగా వస్తామో రామో తంతి ఇమ్మని వాళ్ళు రాశారు. ఆ ఉత్తరం జయరావు కోటుజేబులో ఉంది. "సోమవారం పొయ్యి రామని తంతి ఇచ్చేస్తా," అన్నాడు అతను, మజ్జిగ పోయమని చెయ్యి చూపిస్తూ. "రేపటి సన్మానమే ఆఖరు. సభలో నేనే చెప్పేస్తా. మర్యాదగా చాలించినట్టు ఉంటాది." మజ్జిగ పోయించుకుంటూ ఒక మనిషి బతుకును తీసేయవచ్చునని ఆనందమ్మకు రాత్రే తెలిసింది.

ఎందుకు చాలించాలో అతను చెప్పలేదు, ఆమె అడగకుండానే ఆమెకు తెలుసు. సన్మాన సంఘం అధ్యక్షుడు చెంగల్రాయుడు, తాసిల్దారు పని చేసి దిగినవాడు, జయరావును మున్సిపల్ కౌన్సిలుకు నిలబెడతానన్నాడు. కౌన్సిలర్ పెళ్ళాం ఊరూరా వాయించుకుంటూ తిరగడం బాగుండదట. పద్నాలుగేళ్ళుగా ఆ తిరుగుళ్ళ మీదే ఈ ఇంటికి పెంకులు మారాయి, నుయ్యి తవ్వారు, జయరావు పళ్ళెంలోకి వెండి గిన్నెలు వచ్చాయి. అప్పుడు బాగానే ఉండింది.

ఇంకొకటి కూడా ఉంది. అది అతను ఎన్నటికీ నోరు విప్పి చెప్పడు. నిరుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో కచేరీ అయ్యాక పత్రికవాళ్ళు ఫోటో తీయడానికి వచ్చారు. జయరావు సూటు సర్దుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. ఫోటో తీసే కుర్రవాడు చాలా మర్యాదగా, "అయ్యా, తమరు కాస్త పక్కకు జరుగుతారా? మాకు ఆమె ఒక్కరే కావాలి," అన్నాడు. జయరావు జరిగాడు. ఓడలో బొంబాయి చేరేదాకా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ పద్దెనిమిది రోజులూ ఆనందమ్మ తాను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ వెతుక్కున్నందుకే తన మీద తనకు మంట పుడుతోంది.

అతను చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. మిషన్ బళ్ళో పంతులుగా ఉండి, పెళ్ళయ్యాక ఆ పని మానేసి ఆమె కచేరీల ఏర్పాట్లు చూసుకున్నాడు. టిక్కెట్లు, ఓడలు, ఉత్తరాలు అన్నీ అతనివే. ఎవరైనా పలకరిస్తే "మేము సింగపూర్‌లో వాయించినప్పుడు," అంటాడు. "మాకు కుడిభుజం నొప్పి," అంటాడు. పొద్దున్నే అయిదు గంటలు సాధన చేసే భుజం ఎవరిదో ఆ 'మేము'లో ఎక్కడా కనబడదు. మొదట్లో ఆ మాట విని ఆమె మురిసిపోయేది, నన్ను తనలో కలుపుకున్నాడే అని. కలుపుకోవడం అంటే మింగడమని తెలియడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది.

"ఆపినావేమ్మే? చేయి ఆడించు," అంది చెంగమ్మ. "మావోడు జట్కా తీసుకోని పొయ్యినాడు, వచ్చే పొద్దయింది."

"యాడికి పొయ్యినారత్తా?"

"ఆ ఫిడేలు పట్టుకోనే పొయ్యినాడు. సభకు పోతాది గదా, తుడిపించి మెరుగు పెట్టించుకోని వస్తానన్నాడు."

ఆనందమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ వాద్యాన్ని ఆమె తప్ప ఎవరూ ఎత్తరు. అది ఇంట్లో అందరికీ తెలుసు. లేవబోతే మోచేతుల దాకా పిండి. "లేస్తే ఎట్లమ్మే, పప్పు ఆరిపోతాది," అని అత్తగారు గదిమింది. ఇన్నేళ్ళ అలవాటు ఆమెను మళ్ళీ పీట మీద కూర్చోబెట్టింది.

రెండు రోజుల కిందట సన్మాన సంఘం వాళ్ళు ఈ వసారాలోనే కూర్చున్నారు. ఆమె కాఫీ తెచ్చి ఇచ్చి గుమ్మం పక్కన నిలబడితే చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒక మాట. సభకు పెద్దోళ్ళు వస్తారు, సంసార పక్షం ఆడోళ్ళు వస్తారు. తెల్లోళ్ళ దేశంలో నువ్వు ఎట్ల కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. ఈడ ఆడబిడ్డ కుర్చీ మీద కాళ్ళు ఎడంగా పెట్టుకోని, మధ్యన అంత వాద్యం పెట్టుకోని కూర్చుంటే సూసేదానికి బాగుండదు గదా. మన విద్వాంసులు చాప మీద మఠం వేసుకోని వాయించరా? స్వరాజ్యం వచ్చినాక గూడా మనకు కుర్చీలేమిటికమ్మా?"

ఆ మాట అన్న మనిషి కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఆనందమ్మ ఓపిగ్గా చెప్పింది. ఈ వాద్యం కూర్చున్న మనిషి భుజం ఎత్తు ఉంటుందని, దాని అడుగున మూరెడు ఇనుపకడ్డీ ఉంటుందని, ఆ కడ్డీ నేల మీద ఆనించి కుర్చీలో కూర్చుంటే తప్ప వాయించడం కుదరదని. వాళ్ళు శ్రద్ధగా తలూపారు. వాళ్ళకు వినబడింది ఒక్క కడ్డీ మాటే అని ఆమెకు అప్పుడు తోచలేదు. "అది నేను సూసుకుంటా సార్, మీరు నిమ్మళంగా ఉండండి," అన్నాడు జయరావు.

కాళ్ళ గొడవ ఆమెకు కొత్తది కాదు. పన్నెండేళ్ళప్పుడు మిషన్ బోర్డింగులో సంగీతం నేర్పే తెల్ల దొరసాని ఆమెను పిలిచి తన సెల్లో ముందు కూర్చోబెట్టిన మొదటిరోజే మొదలైంది. తోటి ఆడపిల్లలు నోరు నొక్కుకున్నారు. వార్డెనమ్మ "ఇదేం పాడు కూర్చోవడమే!" అని తొడ మీద గిల్లింది. ఆ ఆదివారం చూడటానికి వచ్చిన తల్లి సిద్ధమ్మతో ఏడుస్తూ చెబితే సిద్ధమ్మకు ఆ ఏడుపు ఎందుకో అర్థం కాలేదు. సిద్ధమ్మ చెరకు తోటల్లో, మళ్ళల్లో కూలికి పోయే మనిషి. కోక గోచిపోసి కట్టి, బురదలో కాళ్ళు పాతుకుని నాట్లు వేసే మనిషి. "కోకను గోచి పెట్టుకోని కూర్చో బిడ్డా. పని చేసేటప్పుడు కాళ్ళు సూసుకుంటా ఉంటే పని యాడవుతాది?" అని చెప్పి, బోర్డింగు వరండాలోనే గోచి ఎలా బిగించాలో చూపించి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆనందమ్మ వెనక్కి తిరిగి చూసుకోలేదు. దొరసాని దగ్గర ఏడేళ్ళు, ఆవిడ వెంటే ఇంగ్లండులో మూడేళ్ళు. ఆనందమ్మ తిరిగివచ్చే ముందు దొరసాని తన సొంత సెల్లోనే ఆమెకు ఇచ్చేసింది. లండన్‌లో మొదటి కచేరీ మర్నాడు పత్రికలో ఎవరో రాశారు, ఈ స్త్రీ చేతిలో ఆ కొయ్య మాట్లాడింది అని. ఆ కాగితం ముక్క చిత్తూరులో అత్తగారికి చదివి వినిపిస్తే చెంగమ్మ కాసేపు ఆలోచించి, "ఆ కొయ్యని కాళ్ళ నడమ పెట్టుకోని కూర్చునేదానికి కడుపెట్ల పండతాదిలే," అంది. పిల్లలు లేని పద్నాలుగేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో ఆనందమ్మకు లెక్క తెలియదు. డాక్టరు దగ్గరికి జయరావు ఒక్కసారి కూడా రాలేదు, అది కూడా ఎవరూ లెక్క పెట్టలేదు.

జట్కా వచ్చేసరికి పదకొండు దాటింది. జయరావు నవ్వుతూ దిగాడు. సంచి విప్పి సెల్లోని వసారా గోడకు ఆనించి, "సూడు," అన్నాడు. "సైకిలు షాపు గురప్ప కోసినాడు. లోపలికి నెట్టితే నువ్వు మళ్ళా బయటికి లాక్కుంటావని మొదలంటా కోయించినా. ఆకురాయితో రుద్ది ఎంత నున్నగా చేసినాడో! ఇంగ చాప మీద దిండు ఏసుకోని, దీన్ని ఒళ్ళో పడేసుకోని మర్యాదగా వాయించు. అందరికీ సంతోషం."

కోసిన కడ్డీ ముక్క అతని చేతిలో ఉంది. చేటలో వక్కలు చూపించినట్టు దాన్ని తల్లికి చూపించాడు.

ఆనందమ్మ చేతులు కడుక్కోకుండానే లేచి వచ్చింది. వంగి చూసింది. కడ్డీ ఉండే చోట బఠాణీ గింజంత ఇనుప మచ్చ మాత్రం మెరుస్తోంది. కొయ్య మీద రంపపు గీత ఒకటి, వేలి పొడుగున. దొరసాని ముప్పై ఏళ్ళు వాయించి, ఒక్క గీత పడకుండా ఇచ్చిన కొయ్య. ఆమె ఆ గీతను వేలితో తడిమింది. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే వాళ్ళకు సుళువుగా ఉండేది, ఊరుకోబెట్టి ఉండేవాళ్ళు.

"ఎవరినడిగి కోయించినారు?"

"నిన్ను అడగాల్నా? మన వస్తువు గదా. మనం ఊరి మాట వినకుంటే రేపు ఊరు మన మాట యాడ వింటాది?"

"మన వస్తువా? దీని మీద ఒక్క స్వరం పలికించండి సూస్తాను."

జయరావు ముఖం నల్లబడింది. "పద్నాలుగేండ్లు నీ పెట్టెలు మోసినాను నేను. నీ వెనకాల తిరిగినాను. పక్కకు జరగమంటే జరిగినాను. ఇంగ జరగను. సోమవారం తంతి ఇస్తాండాను, అంతే. ఈ పొద్దు సభలో నోరు తెరవకు, మాట్లాడేది నేను."

"కడ్డీ పోతే పొయ్యింది, వడలకు పిండి అయ్యిందా లేదా?" అంది చెంగమ్మ.

ఆనందమ్మ మళ్ళీ వెళ్ళి కూర్చుని ఆ వాయి కూడా రుబ్బింది. లొంగిపోయి కాదు. కోపంలో చేతికి ఏదో ఒక రాయి కావాలి, దొరికింది ఆ పొత్రమే. తిప్పుతుంటే దొరసాని మాట గుర్తొచ్చింది. మొదటి ఆరునెలలూ దొరసాని ఆమెను కడ్డీ లోపలికి నెట్టేసి వాయించమనేది. పూర్వం ఈ వాద్యాలకు కడ్డీలే ఉండేవి కావట. నూరేళ్ళ కిందటి మొనగాళ్ళంతా సెల్లోని రెండు పిక్కల మధ్య ఎత్తిపట్టి, మోకాళ్ళతో అదిమి వాయించినవాళ్ళేనట. నడుములో, కాళ్ళల్లో బలం రావాలంటే అలా నేర్చుకోవాలని దొరసాని పట్టుదల. పన్నెండేళ్ళ పిల్లకు పిక్కలు కందిపోయి నడవలేక కుంటింది. ఆ కుంటిన నడక తలుచుకుని ఆనందమ్మకు రుబ్బురోలు ముందు నవ్వొచ్చింది. ఈ తెలివిగల మగవాళ్ళు, ఆమె కాళ్ళు ఎడం కాకూడదని కడ్డీ కోశారు. కడ్డీ ఉంటే వాద్యం మోకాళ్ళకు ఊరికే ఆనుకుని ఉంటుంది. కడ్డీ లేకపోతే దాన్ని పట్టుకోవాల్సింది కాళ్ళే.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. స్నానం చేసి, ముతక నేత చీర ఒకటి వెతికి కట్టుకుంది.

హాలు నిండింది. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు ఒక పక్కగా కట్టిన తడిక వెనకాల. వేదిక మధ్యన చాప, చాప మీద తెల్ల దుప్పటి, దిండు. దాని వెనక రెండు కుర్చీలు, ఒకటి అధ్యక్షుడు చెంగల్రాయుడికి, ఒకటి జయరావుకు. వడలు అప్పటికే తినడం అయిపోయింది, ముందువరుసలో పెద్దలు చేతులు తుడుచుకుంటున్నారు. ఆనందమ్మ చాప మీద ఒదిగి కూర్చుని, సెల్లో తన పక్కన పడుకోబెట్టుకుని, ఆ మాటలన్నీ విన్నది. తెలుగు ఆడపడుచు అన్నారు, చిత్తూరు కీర్తిపతాక అన్నారు. ఆమె ఏం వాయిస్తుందో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి ఒక్కరికీ తెలియదు.

అప్పుడు జయరావు లేచి వేదిక అంచుకు వచ్చాడు. "మేము లండన్‌లో వాయించినప్పుడు..." అని మొదలుపెట్టాడు. పది నిమిషాలకు సింగపూర్ దాటి చిత్తూరు చేరాడు. "మా ఇంటావిడ తరపున ఒక మనవి. పేరు రావాల్సినంత వచ్చింది. ఇంక ఈ పొద్దుతో మేము ఈ కచేరీలు చాలించి, సొంత ఊరి సేవలో..."

చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్ల మధ్యనే ఆనందమ్మ లేచింది. వెనక్కి నడిచి, జయరావు ఇందాక కూర్చున్న కుర్చీని రెండు చేతులా ఎత్తి తెచ్చి, దిండును కాలితో పక్కకు నెట్టి, చాప నడిమధ్యన వేసింది. చీర కుచ్చెళ్ళు తీసి రెండు కాళ్ళ మధ్యనుంచి వెనక్కి లాగి గోచి బిగించింది. తల్లి సిద్ధమ్మ చూపించినట్టే, ముడి జారకుండా. సెల్లో ఎత్తి, కుర్చీ అంచున కూర్చుని, పిక్కల మధ్య దాన్ని అదిమిపట్టింది. చప్పట్లు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. వెనక్కి తిరిగిన జయరావు, కూర్చోవడానికి కుర్చీ లేక, చెంగల్రాయుడి పక్కన బంట్రోతులా నిలబడిపోయాడు.

"అమ్మా, ఏందమ్మా ఇది?" అన్నాడు చెంగల్రాయుడు, సగం లేచి.

"కూర్చోండి సార్, చెప్తాను," అంది ఆనందమ్మ. గొంతు ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "అయ్యలారా, ఈ వాద్యానికి మూరెడు కడ్డీ ఉండింది. అది నేల మీద నిలబడి ఉంటే నా కాళ్ళకు పని జాస్తి ఉండదు. నేను కాళ్ళు ఎడంగా పెట్టుకోకూడదని ఈ పొద్దు మా ఆయన, మీ సంఘమూ కలిసి దాన్ని కోయించినారు. కోసినోళ్ళకు ఒక సంగతి తెలీదు, అడిగుంటే చెప్పుండేదాన్ని. కడ్డీ లేకుంటే దీన్ని కాళ్ళతోనే పట్టుకోవాల."

ఎవరో దగ్గారు. ఆమె ఆగలేదు.

"మీకు ఇది సిగ్గుగా ఉండాది. సరే. తెల్లారి అయిదు గంటల నుంచి నేను రుబ్బురోలు ముందర ఇట్లనే కూర్చోనుండినాను, కాళ్ళు ఎడంగా పెట్టుకోని. ఇందాక మీరు తిన్న వడలు ఆ పిండివే. మీ ఇండ్లల్లో మీ అమ్మలూ, పెండ్లాలూ దినమ్మూ అట్లనే కూర్చుంటారు. తినేటప్పుడు ఒక్కరికీ సిగ్గు కాలేదే?"

తడిక వెనకాల ఒక ఆడమనిషి నవ్వింది. పట్టలేక వచ్చిన నవ్వు. దాని వెనక ఇంకొకటి. ఆనందమ్మ వాయించే కమాను తీసి తంత్రి మీద పెట్టింది.

ఒక జర్మన్ స్వరకర్త రెండు వందల ఏళ్ళ కిందట ఒంటరి సెల్లో కోసం రాసిన నాట్యగతి అది, తోడు వాద్యం లేనిది. మొదటి వరుస స్వరాలకే ఎడమచేతి చూపుడువేలు మండింది. నానిపోయిన కాయలు తంత్రి కింద చితుకుతున్నాయి. పిక్కలు బిగుసుకుపోయి వణుకుతున్నాయి, వాద్యం జారుతోందేమో అనిపించిన ప్రతిసారీ మోకాళ్ళతో ఇంకాస్త అదిమింది. అలా అదిమినకొద్దీ ఆ కొయ్య ధ్వని నేలలోకి పోకుండా ఆమె ఎముకల్లోకి వచ్చింది. ఇన్ని దేశాల్లో, ఇన్ని హాళ్ళలో ఆమె ఈ గతిని అందంగా వాయించింది, జాగ్రత్తగా వాయించింది. ఈ రోజు కోపంగా వాయించింది. పద్నాలుగేళ్ళ 'మేము' మీద కోపం, రాత్రి మజ్జిగ పోయించుకున్న చెయ్యి మీద కోపం, ఓడలో తప్పు వెతుక్కున్న పద్దెనిమిది రోజుల మీద కోపం. కోపం కూడా శ్రుతిలో ఉండగలదని ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, సొంత ఊళ్ళో తెలిసింది.

ముందువరుసలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. తడికను ఎవరో పక్కకు జరిపారు. చంకలో బిడ్డలతో, నెత్తిన కొంగులతో ఆడవాళ్ళు ఒకరి భుజం మీదినుంచి ఒకరు చూస్తూ నిలబడ్డారు. ఆమె చివరి స్వరం ఆపి కమాను దించేసరికి ఉంగరపు వేలి కొసన రక్తం ఉంది, తంత్రి మీద కూడా. చప్పట్లు ముందు ఆ పక్కనుంచే వచ్చాయి.

శాలువ పళ్ళెంలోనే ఉండిపోయింది. చెంగల్రాయుడు దాన్ని కప్పాలో వద్దో తేల్చుకోలేక జయరావు వైపు చూశాడు. ఆనందమ్మ వాళ్ళ కోసం ఆగలేదు. సెల్లో సంచిలో పెట్టుకుని, భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. జయరావు వాకిట్లో అడ్డం వచ్చాడు. ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"నా తల తీసేసినావు గదా ఊళ్ళో! ఇంటికి రా. అమ్మ ముందర కూర్చోని మాట్లాడుకుందాం."

"నాకు పనుండాది. మీరు పోండి."

"ఇంత జరిగినాక ఏం పని? అంత రాజకార్యం యాడుంది నీకు?"

ఆమె అతన్ని చూసింది. ఆశ్చర్యంగా, అతని మీద కోపం తగ్గిపోయింది. అతను భయపడుతున్నాడు. భయపడే మనిషికి వండి పెట్టవచ్చు, జాలి పడవచ్చు, కానీ తన వేళ్ళను అప్పగించనక్కరలేదు. "కొంచెం పక్కకు జరగండి," అంది. అతను జరిగాడు.

ఎండ ఇంకా తగ్గలేదు. గోచికట్టుతోనే, వీపు మీద అంత సంచితో బజారువీధిలో నడిచి వెళ్తుంటే అంగళ్ళవాళ్ళు లేచి చూశారు. చూడనీ అనుకుంది. పిక్కలు నొప్పిగా ఉన్నాయి, కుంటుతూనే నడిచింది. తంతి ఆఫీసు తలుపులు తెరిచే ఉన్నాయి. బల్ల వెనక గుమాస్తా మునస్వామి ఆమెను చూసి గబుక్కున నిలబడ్డాడు. అతను ఆమెను ఎరుగును. ఇన్నేళ్ళుగా లండన్‌కు పోయే తంతులన్నీ అతని చేతిమీదుగానే పోయాయి, జయరావు రాసి ఇవ్వగా.

ఆనందమ్మ ఫారం తీసుకుంది. లండన్ విలాసం ఆమెకు నోటికి వచ్చు, ఉత్తరం జయరావు జేబులో ఉన్నా బాధ లేదు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసింది. వస్తున్నాను. పద్నాలుగు కచేరీలకూ ఒప్పుకుంటున్నాను. ఓడలో ఒక్కరికే చోటు చూడండి. రాసేటప్పుడు వేలి రక్తం కాగితం అంచుకు అంటింది, కొంగుతో అద్దింది.

మునస్వామి చదువుకుంటూ పోయి, చివర ఆగాడు. "పంపేవాళ్ళ పేరు రాయలేదమ్మా. ఎప్పుడూ సారు పేరు మీదనే గదా పోతా ఉండేది, ఆయన పేరే రాసేద్దునా?" అని కలం ఎత్తాడు. మళ్ళీ సందేహపడి, "ఒక్కరికే అని ఉండాది, సారు గూడా రారా?" అన్నాడు.

"నా పేరు రాయప్పా," అంది ఆనందమ్మ. "సారు ఏం చేసేదానికి? ఆయనకు వాయించేదానికి రాదు."